కొలిమి ఆరిన తరువాత

నదులు కలిసే చోటు పుణ్యక్షేత్రమని పూర్వుల విశ్వాసం. అటువంటి చోట స్నానఘట్టాలు వెలుస్తాయి, గుడిగోపురాలు లేస్తాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని పెన్సిల్వేనియాలో రెండు నదులు కలిసి మూడవ నదిగా మారే చోట మాత్రం గోపురాలకు బదులు పొగగొట్టాలు లేచాయి. ఈశాన్యం నుండి అల్లెఘేనీ, దక్షిణం నుండి మొనాంగహేలా వచ్చి ఒకదానినొకటి కలుసుకొని, ఒహాయో నదిగా పడమటికి సాగిపోతాయి. ఆ సంగమస్థానమే పిట్స్‌బర్గ్. 1758లో బ్రిటిష్ సేనలు అక్కడి ఫ్రెంచివారి కోట ఉన్న స్థలాన్ని స్వాధీనం చేసుకొని, ఆనాటి తమ మంత్రి విలియం పిట్ పేరును ఆ చోటికి పెట్టాయి. న్యూయార్కు, షికాగోల వలె ఇది మహానగరం కాదు. 2020 జనాభా లెక్కల ప్రకారం నగర జనసంఖ్య సుమారు 3 లక్షల 3 వేలు. అయినా ఆధునిక ప్రపంచానికి ఎముకల గూడును పోతపోసి ఇచ్చిన నగరాలలో దీనిది ముందు వరుస. పని మనిషిని ఎలా నిలబెడుతుందో, పని పోయిననాడు మనిషి ఎలా నిలబడాలో ఈ నగరచరిత్ర చెబుతుంది.

పిట్స్‌బర్గ్ చదునైన నేల కాదు. నది ఒడ్డున సన్నని మైదానం, దాని వెనుక నిట్టనిలువుగా లేచిన కొండలు. ఉన్న కొద్దిపాటి మైదానాన్ని కర్మాగారాలు ఆక్రమించుకున్నాయి. మనుషులకు కొండలు మిగిలాయి. కార్మికులు ఇంటిమీద ఇల్లు పేర్చినట్లు కొండవాలులో గూళ్లు కట్టుకున్నారు. తెల్లవారి పనిలోకి దిగడానికి, పొద్దుగూకిన వేళ ఇల్లు చేరడానికి మెట్లదారులు ఏర్పడ్డాయి. నేటికీ ఆ నగరంలో ఏడు వందలకు పైగా మెట్లదారులు ఉన్నాయి. వాటిలో కొన్ని వీధులుగానే నగరపటంలో చోటు చేసుకున్నాయి. కొండవాలు మీదుగా ఇనుపతాళ్లతో పైకి లాగే రైలుపెట్టెలను కూడా నిర్మించారు. 1870లో మొదలైన మొనాంగహేలా ఇన్‌క్లైన్, 1877లో మొదలైన డ్యూకేన్ ఇన్‌క్లైన్ నేటికీ నడుస్తున్నాయి. నదులను, లోయలను దాటే వంతెనలు 446 ఉన్నాయని నగరవాసులు గర్వంగా చెప్పుకుంటారు. ఈనాడు యాత్రికులు ముచ్చటపడి ఎక్కే ఆ మెట్లు, ఆ రైలుపెట్టెలు ఒకనాడు అలసిన కాళ్ల కోసం పుట్టినవి.

ఆ కొండల కడుపులో మేలైన బొగ్గు ఉంది. దూరాన సుపీరియర్ సరస్సు పరిసరాలలో ఇనుప ఖనిజం ఉంది. సరుకు మోయడానికి నదులు, రైలుమార్గాలు ఉన్నాయి. వీటన్నింటినీ ఒక్క త్రాటిపైకి తెచ్చినవారు ఆండ్రూ కార్నెగీ. ఆయన 1835లో స్కాట్లాండులో ఒక చేనేత కార్మికుని ఇంట జన్మించారు. ఆవిరి మగ్గాల ధాటికి తండ్రి చేతిమగ్గం మూలపడగా, 1848లో ఆ కుటుంబం పొట్ట చేతబట్టుకొని పిట్స్‌బర్గ్ ప్రాంతానికి వలస వచ్చింది. నూలుమిల్లులో దారపు కండెలు మార్చే పనికి, వారానికి ఒక డాలరు ఇరవై సెంట్ల కూలికి ఆ బాలుడు కుదిరాడు. అతడే పెరిగి పెద్దవాడై 1875లో బ్రాడక్ అనే చోట ఎడ్గర్ థామ్సన్ ఉక్కు కర్మాగారాన్ని ప్రారంభించారు. 1901లో తన ఉక్కు సంస్థను 48 కోట్ల డాలర్లకు విక్రయించి, లోకంలోని అత్యంత ధనవంతులలో ఒకరయ్యారు. యంత్రం వచ్చి తండ్రి పని పోగొట్టింది. ఆ యంత్రయుగమే కుమారునికి సిరులు పండించింది.

కాని కొలిమి ముందు నిలబడినది కార్నెగీ కాదు. ఐర్లండు, జర్మనీల నుండి, ఆ తరువాత పోలండు, స్లొవేకియా, హంగరీ, ఇటలీ ప్రాంతాల నుండి వేలాదిగా జనం తరలివచ్చారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల నుండి నల్లజాతివారు వచ్చారు. ఒక్కొక్క కొండ మీద ఒక్కొక్క భాష వినిపించేది. ఒక్కొక్క వీధి చివర ఒక్కొక్క జాతివారి చర్చి లేచింది. అందరినీ కలిపినది కర్మాగారపు కూత ఒక్కటే. ఉక్కు కర్మాగారాలలో పనివేళలు దినానికి పన్నెండు గంటలు. పగటి షిఫ్టువారు రాత్రి షిఫ్టుకు మారవలసిన రోజున ఏకధాటిగా ఇరవై నాలుగు గంటలు పనిచేయవలసి వచ్చేది. ఒంటరిగా వచ్చిన కార్మికులు ఇరుకైన అద్దె గదులలో కాపురముండేవారు. పగలు పనిచేసేవాడు లేచిన మంచం మీదనే, రాత్రి పనిచేసి వచ్చినవాడు వెన్ను వాల్చేవాడు. మంచానికి కూడా విశ్రాంతి లేని రోజులవి.

రెక్కాడితే గాని డొక్కాడని ఆ బ్రతుకులలో రెక్కకే ముప్పు వచ్చేది. క్రిస్టల్ ఈస్ట్‌మన్ అనే న్యాయశాస్త్ర పట్టభద్రురాలు 1906 జూలై నుండి 1907 జూన్ వరకు ఆ జిల్లాలో జరిగిన పని ప్రమాదాలను ఒక్కొక్కటిగా విచారించారు. ఆ ఒక్క సంవత్సరంలో పనిచేస్తూ మరణించినవారు 526 మంది. ఆమె ఆ లెక్కతో తృప్తిపడలేదు. ఇంటి పెద్ద పోయిన తరువాత ఆ ఇల్లు ఎలా గడిచిందో, భార్యాబిడ్డలకు ముట్టినది ఎంతో ఇల్లిల్లూ తిరిగి తెలుసుకొని, 1910లో గ్రంథరూపంలో లోకం ముందుంచారు. ప్రమాదం కార్మికుని దురదృష్టం మాత్రమే కాదని, దాని భారంలో పరిశ్రమకూ పాలు ఉండాలని వాదించారు. 1915లో పెన్సిల్వేనియా రాష్ట్రం కార్మిక నష్టపరిహార చట్టాన్ని చేసింది. కంటనీరు పెట్టుకోవడం దయ. ఆ కన్నీటికి కారణం వెదకడం న్యాయం.

ఇనుమును కరిగించే మహాకొలిమిని ఉక్కు కార్మికులు బ్లాస్ట్ ఫర్నేసు అంటారు. అంతటి భయంకరమైన అగ్నిగుండానికి ఆడపడుచు పేరు పెట్టడం అక్కడి ఆచారం. క్యారీ, డొరొతీ అన్నవి ఆ ప్రాంతంలో పేరుపొందిన కొలిములు. విశాఖ ఉక్కు కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లుండడం తెలుగువారు ఎరిగినదే. అన్నం పెట్టేదాన్ని తల్లి పేరుతో పిలుచుకోవడంలో దేశభేదం లేదు. హోంస్టెడ్ కర్మాగారంలో తయారైన ఉక్కు న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనానికి దూలాలై నిలిచింది. దాని అంతస్తులను లెక్కపెట్టినవారు ఎందరో. ఆ ఉక్కును పోసినవారిని తలచుకున్నవారు కొందరే.

శ్రమకు తగిన ఫలం కోసం ఆ హోంస్టెడ్‌లోనే పెనుగులాట జరిగింది. 1892లో వేతనాల ఒప్పందం గడువు తీరింది. వేతనాలు తగ్గించాలని యాజమాన్యం, తగ్గించరాదని కార్మిక సంఘం పట్టుబట్టాయి. కార్నెగీ అప్పుడు స్కాట్లాండులో ఉన్నారు. వ్యవహారం నడిపిన హెన్రీ క్లే ఫ్రిక్ కర్మాగారం చుట్టూ ఎత్తైన కంచె కట్టించి లాకౌటు ప్రకటించారు. జూలై 6వ తేదీ తెల్లవారుజామున పింకర్టన్ సంస్థకు చెందిన మూడు వందల మంది సాయుధులు రెండు పడవలలో నదిమీదుగా వచ్చారు. ఒడ్డున కార్మికులతోపాటు వారి ఇంటి స్త్రీలు కూడా నిలబడ్డారు. కాల్పులలో ఇరువైపులా ప్రాణాలు పోయాయి. సాయుధులు లొంగిపోయారు గాని, కొద్ది రోజులకే రాష్ట్ర సైన్యం దిగింది. నవంబరు నాటికి కార్మికుల పోరాటం ఓడిపోయింది. కార్నెగీ స్థాపించిన ఆ పరిశ్రమకు వారసురాలైన సంస్థ కార్మిక సంఘాన్ని తిరిగి గుర్తించినది 1937లో మాత్రమే.

ఆ కార్నెగీయే లోకమంతటా రెండు వేల ఐదు వందలకు పైగా గ్రంథాలయాల నిర్మాణానికి ధనమిచ్చారు. అమెరికాలో ఆయన కట్టించిన మొదటి గ్రంథాలయం 1889లో బ్రాడక్‌లో వెలసింది. కొలిమి నుండి మసితో వచ్చే కార్మికులు స్నానం చేసి చదువుకోవడానికి కూర్చునేందుకు దాని నేలమాళిగలో స్నానశాల కూడా ఉండేది. పోరాటం ఓడిన ఆరేళ్లకు, 1898లో, హోంస్టెడ్‌కు కూడా గ్రంథాలయం వచ్చింది. నగరంలోని ప్రధాన గ్రంథాలయ ద్వారం మీద ‘ప్రజలకు ఉచితం’ అనే అర్థమిచ్చే మాటలు చెక్కించారు. దాత ఉదారుడే, సందేహం లేదు. కాని పన్నెండు గంటలు నిప్పుల ముందు నిలిచి వచ్చినవానికి పుస్తకం తెరిచే ఓపిక ఎక్కడిది? పుస్తకం ఉచితమే, దానిని చదివే తీరిక మాత్రం కార్మికునికి అందని ద్రాక్ష అయింది. ఉక్కు పరిశ్రమలో పన్నెండు గంటల పనిదినం తొలగిపోవడానికి 1923 వరకు ఆగవలసి వచ్చింది.

అయినా నాటిన విత్తనం వ్యర్థం కాలేదు. నగరంలోని హిల్ డిస్ట్రిక్ట్ నల్లజాతివారి నివాసస్థానం. ఆగస్ట్ విల్సన్ 1945లో అక్కడి పేద కుటుంబంలో జన్మించారు. పదిహేనేళ్ల ప్రాయంలో ఆయన నెపోలియన్‌పై ఒక వ్యాసం వ్రాసి ఇస్తే, అది సొంతంగా వ్రాసినది కాదని ఉపాధ్యాయుడు అనుమానించాడు. అభిమానధనుడైన ఆ బాలుడు పాఠశాల విడిచి, కార్నెగీ గ్రంథాలయాన్నే గురుకులంగా చేసుకున్నాడు. తరువాతి కాలంలో ఆయన ఇరవయ్యవ శతాబ్దంలోని ఒక్కొక్క దశాబ్దానికి ఒక్కొక్కటిగా పది నాటకాలు రచించారు. వాటిలో తొమ్మిదింటికి రంగస్థలం హిల్ డిస్ట్రిక్టే. 1987లో పులిట్జర్ బహుమతి పొందిన ‘ఫెన్సెస్’ నాటకంలో కథానాయకుడు నగరంలో చెత్త ఎత్తే కార్మికుడు. తెల్లవారు బండి నడుపుతుంటే నల్లవారు చెత్త మాత్రమే ఎందుకు ఎత్తాలి అన్నది అతడు వేసే ప్రశ్న. బడి ఇవ్వని యోగ్యతాపత్రాన్ని ఆ గ్రంథాలయమే విల్సన్‌కు గౌరవపూర్వకంగా ప్రదానం చేసింది.

ఉక్కుతో పాటు పొగ కూడా ఆ నగరపు ఉత్పత్తియే అయింది. మధ్యాహ్నం వేళ కూడా వీధిదీపాలు వెలిగించవలసి వచ్చేది. కార్యాలయ ఉద్యోగులు ఉదయం తొడిగిన తెల్లచొక్కా సగం రోజుకే మాసిపోతుందని మరొకటి వెంట తీసుకువెళ్లేవారు. ఆరవేసిన బట్టలను మసి తాకకుండా కాపాడుకోవడం గృహిణులకు నిత్యసమరం. పొగ ఉంటేనే పని ఉన్నట్లు, పని ఉంటేనే కూడు ఉన్నట్లు జనం సరిపెట్టుకున్నారు. 1948 అక్టోబరులో అదే నదీతీరాన ఎగువనున్న డొనోరా అనే చిన్న పట్టణాన్ని విషపు పొగమంచు కమ్మి ఇరవై మంది ప్రాణాలను బలిగొన్నది. పొగ నియంత్రణకు పిట్స్‌బర్గ్ 1941లోనే చట్టం చేసినా, యుద్ధం కారణంగా అమలు ఆలస్యమై 1946లో మొదలైంది. మేయర్ డేవిడ్ లారెన్స్ పట్టుదలతో పరిశ్రమలే గాక ఇంటి పొయ్యిలు కూడా మారాయి. క్రమంగా ఆకాశం నీలిరంగు తేలింది. అయితే నగరాన్ని బాగుచేసే ఉత్సాహంలోనే 1950వ దశకంలో హిల్ డిస్ట్రిక్టులో కొంత భాగాన్ని కూలగొట్టి, దాదాపు ఎనిమిది వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించి, అక్కడ క్రీడామందిరం కట్టారు. శుభ్రపడిన నగరంలో ఆ ఇళ్లవారికి పాత చోటు దొరకలేదు.

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి. 1980వ దశకం వచ్చేసరికి విదేశీ ఉక్కు పోటీకి వచ్చింది, యంత్రాలు పాతబడ్డాయి, గిరాకీ పడిపోయింది. కర్మాగారాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. డ్యూకేన్‌లోని డొరొతీ కొలిమి 1984లో ఆరింది. ఆమెను కాపాడుకోవాలని కార్మికులు చలికాలంలో కాపలా కాశారు గాని ఫలితం లేకపోయింది. హోంస్టెడ్ కర్మాగారం 1986లో మూతపడింది. ఆ ప్రాంతంలో పరిశ్రమలను నమ్ముకున్న లక్షకు పైగా కొలువులు పోయాయి. యాభై ఏళ్లు దాటిన మనిషి, ఒకే పని తెలిసినవాడు, ఏ కొత్త విద్య నేర్వగలడు? ఎందరో ఇళ్లు అమ్ముకొని దక్షిణాదికి, పడమటికి వెళ్లిపోయారు. 1950లో 6 లక్షల 76 వేలున్న నగర జనాభా నేడు అందులో సగానికి లోబడింది. పుట్టిన ఊరిలో పని దొరకక పోయినవారు ఏ ఊరిలో ఉన్నా తమ పాత నగరపు ఫుట్‌బాల్ జట్టు ఆడే రోజున నలుపు, పసుపు రంగుల దుస్తులు ధరిస్తారు. వలసపోయినవారికి ఊరు అట్లాగే మిగులుతుంది.

ఉన్న ఊరు మాత్రం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఉక్కు సంపదతో పెరిగిన విద్యాలయాలు, ఆసుపత్రులు ఇప్పుడు దానికి ఊతమయ్యాయి. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జోనాస్ సాల్క్ రూపొందించిన పోలియో టీకా సురక్షితమని, ఫలప్రదమని 1955 ఏప్రిల్ 12న ప్రకటన వెలువడింది. ఆయన దానిపై పేటెంటు తీసుకోలేదు. 1981లో అక్కడికి వచ్చిన థామస్ స్టార్జల్ కాలేయ మార్పిడి శస్త్రచికిత్సకు ఆ నగరాన్ని నెలవు చేశారు. 1970 ప్రాంతంలో ఉక్కు సంస్థ తన పేరిట కట్టించుకున్న 64 అంతస్తుల భవనమే నేటికీ నగరంలో అన్నిటికన్నా ఎత్తైనది. కాని దాని శిఖరం మీద నేడు మెరిసే అక్షరాలు ఒక ఆసుపత్రుల సంస్థవి. ఆ ఉక్కు సంస్థ కూడా 2025లో జపాన్ దేశపు నిప్పాన్ స్టీల్ చేతికి వెళ్లింది.

కార్మికుల బిడ్డలకు చేతిపనులు నేర్పాలని 1900లో కార్నెగీ సంకల్పించిన సాంకేతిక పాఠశాలలే నేటి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి మూలం. అక్కడికి 1969లో ఒక తెలుగు పండితుడు ఆచార్యుడై వెళ్లారు. ఆయన పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకం రాజ్ రెడ్డి అని పిలుస్తుంది. 1937లో చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించిన ఆయన, మనిషి మాటను యంత్రం గ్రహించే విద్యలో మార్గదర్శి. 1979లో స్థాపితమైన రోబోటిక్స్ సంస్థకు తొలి సంచాలకులు. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం 1994లో ఆయనను వరించింది. గ్రామీణ విద్యార్థుల కోసం తెలుగునాట రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం రూపుదిద్దుకోవడంలో ఆయన ప్రముఖ పాత్ర వహించారు. నగర శివార్లలోని పెన్‌హిల్స్ కొండ మీద 1970వ దశకంలో తిరుమల తిరుపతి దేవస్థానం తోడ్పాటుతో శ్రీ వేంకటేశ్వరాలయం వెలసింది. నదుల కూడలిలో గోపురం లేని లోటు కూడా అట్లా తీరింది. పూర్వం పోలండువారు, ఇటలీవారు తమ చర్చిలు కట్టుకున్నట్లే, వైద్యులై, ఇంజినీర్లై వచ్చిన భారతీయులు తమ గుడి కట్టుకున్నారు.

అయితే కొలిమి ఆరిన చోట వెలిగిన దీపం అందరి ఇళ్లలో సమానంగా వెలగలేదు. పరిశోధనశాలలో పనిచేసే యువకుడు వేరు, పని పోయిన ఉక్కు కార్మికుని మనుమడు వేరు. నేటి నగరంలో తెల్లవారకముందే బస్సెక్కేవారు ఆసుపత్రి పడకల దుప్పట్లు మార్చేవారు, వంటశాలలలో పనిచేసేవారు, కార్యాలయాల నేలలు తుడిచేవారు. తాతలు కొలిమిని ఎగదోస్తే, మనుమరాళ్లు రోగుల చక్రాల కుర్చీలు తోస్తున్నారు. హోంస్టెడ్ కర్మాగారపు స్థలంలో నేడు అంగళ్లు, సినిమాశాలలు ఉన్నాయి. వాటి మధ్య వరుసగా నిలిచిన పాత ఇటుక పొగగొట్టాలు మౌనసాక్షులు. ఎడ్గర్ థామ్సన్ కర్మాగారం మాత్రం బ్రాడక్‌లో నేటికీ ఉక్కు పోస్తూనే ఉంది. దానికి కోక్ అందించే క్లెయిర్టన్ కర్మాగారంలో 2025 ఆగస్టు 11న పేలుడు సంభవించి ఇద్దరు మరణించారు. ఈస్ట్‌మన్ వ్రాసుకున్న లెక్కల పుస్తకం ఇంకా మూసివేయదగినది కాలేదు.

ఇన్ని ఎత్తుపల్లాలు చూసిన ఆ జనానికి ఇరుగుపొరుగులే పెన్నిధి. మంచు కురిసిన రోజున ఎవరైనా వీధిలో మంచు ఎత్తిపోసి కారుకు చోటు చేసుకొని, అక్కడ ఒక పాత కుర్చీ వేసి పనికి వెళితే, ఆ కుర్చీని జరపడానికి ఇతరులకు చేయి రాదు. చట్టంలో లేని ఆ మర్యాద, చెమటోడ్చినవానికి ఫలం దక్కాలన్న పాత కార్మిక ధర్మానికి ఆనవాలు. పెళ్లి జరిగితే బంధువులు, పొరుగింటివారు తలా ఒక రకం బిస్కెట్లు ఇంట కాల్చి తెచ్చి, పెద్ద బల్ల నిండా అమర్చడం మరొక ఆచారం. లేమి ఎరిగినవారికి పంచుకోవడం వేరుగా నేర్పనక్కరలేదు.

2022 జనవరి 28వ తేదీ ఉదయం ఆ నగరంలో ఫెర్న్ హాలో వంతెన కూలిపోయింది. దాని మీద ఒక బస్సు, కొన్ని కార్లు ఉన్నాయి. కొందరు గాయపడినా అదృష్టవశాత్తు ప్రాణనష్టం జరగలేదు. ఏడాది తిరగకముందే అక్కడ కొత్త వంతెన లేచింది. ఉక్కు కూడా తుప్పు పడుతుందని, కట్టినదానిని కాపాడుకోకపోతే నిలవదని వంతెనల నగరానికే ఒక వంతెన పాఠం చెప్పింది.

నగరమూ అట్టిదే. బొగ్గు తరిగిపోతుంది, కొలిమి ఆరిపోతుంది, నేటి కంప్యూటరు రేపు పాతబడుతుంది. తరగనిది మనిషి చేతిలోని నేర్పు, తలలోని తెలివి. ఆ నేర్పుకు తగిన కూలి, ఆ తెలివికి కావలసిన తీరిక, పని పోయిన వేళ పట్టుకోవడానికి ఒక చేయి – ఈ మూడూ ఉన్నప్పుడే నగరం నిలుస్తుంది. ‘ప్రజలకు ఉచితం’ అని గ్రంథాలయ ద్వారం మీద చెక్కించడానికి ఒక ధనవంతుడు చాలు. అలసిన ప్రతి కార్మికుడు ఆ ద్వారం దాటి లోపలికి వెళ్లగలగడానికి మాత్రం సమాజమంతా పూనుకోవాలి.